మెహ్‌నాజ్ చెయ్యెత్తేదాకా

మా చెల్లెలు మెహ్‌నాజ్ గురించి పుంగనూరులో ఎవరినడిగినా "మైకుసెట్టు మునీర్ చెల్లెలు గదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. న్యాయంగా అయితే నన్నే "మెహ్‌నాజ్ అన్న" అని పిలవాలి. ఎందుకు పిలవాలో చెబుతాను. విన్న తర్వాత కూడా పాత పద్ధతిలోనే పిలుస్తామంటే సరే, మీ ఇంట్లో పెళ్లికి మైకుసెట్టు ఇంకెక్కడైనా చూసుకోండి.

మా అంగడి బస్టాండు వెనక సందులో ఉండేది. తొంభైలలో ముందు గదిలో నేను క్యాసెట్లలో పాటలు నింపి ఇచ్చేవాణ్ణి. వెనక గదిలో యాంప్లిఫయర్లు, హారన్లు, వైరు చుట్టలు. ఆ గది మొత్తం మునిస్వామి రాజ్యం. అతను నా భాగస్తుడు. స్తంభాలెక్కి హారన్లు కట్టడం, వ్యాను నడపడం అతని పని. మా ఇంట్లో ఉర్దూ, అతని ఇంట్లో సగం అరవం, అంగట్లోకి వస్తే అందరికీ తెలుగే.

ప్రతి అమావాస్యకూ మునిస్వామి అంగడికి పూజ చేస్తాడు. యాంప్లిఫయర్లకు కుంకుమ పెడతాడు, గుమ్మడికాయ దిష్టి తీస్తాడు. హారతి ఇచ్చేటప్పుడు యంత్రాలన్నీ ఆగి ఉండాలని అతని పట్టుదల. నడుస్తున్న యంత్రానికి హారతి ఇస్తే అది ఇంకా అలిసిపోతుందట. నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు. నా శుక్రవారం నమాజు వేళ అంగడి అతను చూసుకుంటాడు, అతని అమావాస్యకు గుమ్మడికాయ నేను కొనుక్కొస్తాను.

ఎండాకాలం వచ్చిందంటే మా వైపు ఊళ్లలో భారతాలు మొదలవుతాయి. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లో పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు దుర్యోధనుడి మట్టిబొమ్మను పడగొట్టి, నిప్పుల గుండం తొక్కుతారు. కుప్పం దాటాక రైలు కట్ట పక్కన ఒక పల్లె ఉంది. ఆ ఊరి భారతానికి ఏటేటా మైకు మాది, హరికథ నారాయణప్పది.

నారాయణప్ప గొంతు సంగతి చెప్పాలి. ఆయన నోరు తెరిస్తే మైకు లేకపోయినా చింతతోపు అవతల మేకలు కాసేవాళ్లకు వినిపించేది. మైకులు అద్దెకిచ్చుకునేవాణ్ణి నేనే ఈ మాట అంటున్నానంటే నమ్మండి. ద్రౌపది ఏడుపు ఆయన ఏడిస్తే ముసలమ్మలు కౌరవులకు శాపనార్థాలు పెట్టేవారు. ఆ కథను నేను టేపు చేసేవాణ్ణి. బడికి సెలవులు కాబట్టి మెహ్‌నాజ్ నా వెంట వచ్చి టేపు మిషను పక్కన కూర్చునేది. క్యాసెట్ ఒక వైపు అయిపోగానే రెండో వైపు తిప్పడం దాని పని.

ఒకసారి ద్రౌపది "కృష్ణా" అని పిలిచే చోటే టేపు అయిపోయింది. పిలుపు సగం క్యాసెట్లో పడింది, సగం గాలికి పోయింది. తర్వాత విన్న నారాయణప్ప కోప్పడలేదు. మెహ్‌నాజ్‌ను పిలిచి, "పాపా, టేపు అయిపోతాంటే నా దిక్కు సూడు. నేను ఆపుతా. నువ్వు తిప్పుకోని చెయ్యెత్తు. నువ్వు చెయ్యెత్తేదాకా నేను నోరు తెరవను" అన్నాడు.

అదే పద్ధతి అయిపోయింది. మెహ్‌నాజ్ తన దిక్కు చూడగానే ఆయన వాక్యాన్ని ఒక ఒడ్డుకు చేర్చి, "గోవిందా అనండమ్మా" అనేవాడు. పందిరంతా గోవింద కొట్టేది. ఆ గోలలో ఇది క్యాసెట్ తిప్పి, మీట నొక్కి, చెయ్యెత్తేది. అప్పుడు కథ సాగేది. ఊరి పెద్ద గోవిందప్ప "పొద్దు పోతాండాది, కానీప్పా" అని చెయ్యూపినా లెక్కచేయని మనిషి, రెండు జడల పిల్ల చెయ్యి కోసం కాచుకునేవాడు. అది కథలో ఒక ముచ్చట అని జనం అనుకునేవారు. మా ఇంటి ఆడపిల్లకు అంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత క్యాసెట్ల కాలం పోయింది. మెహ్‌నాజ్ మదనపల్లెలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, ముందు గదిలో ఒక పాత కంప్యూటరు పెట్టుకుంది. నేను సెల్‌ఫోన్ కవర్లు అమ్ముదామన్నాను. అది మాత్రం నారాయణప్ప క్యాసెట్లన్నీ దింపి, దూది పెట్టి బూజు తుడవడం మొదలుపెట్టింది.

మొదట ఆ కథను సీడీల్లోకి ఎక్కించింది. ఒక్క ఎండాకాలానికే చాలావాటికి పైపొర లేచిపోయింది. దుమ్ములో సీడీల బుద్ధి ఎలా ఉంటుందో నాకూ తెలుసు. వాల్మీకిపురంలో ఒక పెళ్లిలో గట్టిమేళం సీడీ ఒకేచోట గెంతుతూ కూర్చుంది. మూడు ముళ్లూ పడ్డాక కూడా మేళం ఆగకపోయేసరికి పెళ్లికొడుకు నాలుగో ముడికి సిద్ధమయ్యాడు. అందుకని మళ్లీ మొదటి నుంచి క్యాసెట్లు పెట్టి ఈసారి ఒక పెద్ద హార్డ్‌డిస్కులోకి ఎక్కించింది. ఆ క్యాసెట్లకు అదే ఆఖరి పాట. చాలావరకు తిరుగుతూనే తెగిపోయాయి. నారాయణప్ప భారతం ఇక ఆ డిస్కులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

ఎక్కించేటప్పుడు నాకూ దానికీ ఒక తగవు వచ్చింది. గోవింద కొట్టిన ప్రతిచోటా, క్యాసెట్ రెండు వైపుల మధ్య, అది కాసేపు నిశ్శబ్దం వదిలింది. "ఖాళీ టేపు ఎవరు వింటారు, కోసెయ్" అన్నాను.

"ఆయన ఆగిన చోట ఆగల్ల భాయ్" అంది.

"ఎంతసేపు?"

"నేను తిప్పి చెయ్యెత్తేంత సేపు."

ఇంక దాంతో ఎవరు వాదిస్తారు.

అప్పుడే ఒక చిన్న పెట్టె మా అంగట్లోకి వచ్చింది. కుప్పంలో ఒక గ్రానైట్ ఆఫీసువాళ్లు రాతి పలకల ఫొటోలు దాచుకోవడానికి బెంగుళూరు నుంచి తెచ్చుకున్నది. చూడటానికి టిఫిన్ బాక్సంత ఉంటుంది. దానికి ఒక వైపు హార్డ్‌డిస్కు తగిలించాలి, ఇంకోవైపు నుంచి వైరు కంప్యూటరుకు పోతుంది. కంప్యూటరు ఏ ఫైలు అడిగితే అది డిస్కులోంచి తీసి ఇస్తుంది, అంతే. ఆఫీసులో దాని మొహం చూసేవాళ్లు లేక, రిపేరుకు వెళ్లిన మెహ్‌నాజ్‌కే ఇచ్చేశారు. మెహ్‌నాజ్ భారతం డిస్కును ఆ పెట్టె పద్ధతికి మార్చి రాసి, దానికి తగిలించి, మురిసిపోయింది.

అక్కడితో ఆగితే అది మెహ్‌నాజ్ ఎందుకవుతుంది? రోజూ బస్సెక్కి మదనపల్లె ఇంటర్నెట్ సెంటరుకు పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు వచ్చి అంది:

"భాయ్, ఇదీ ఒక కంప్యూటరే. లోపల లైనక్స్ అని దాన్ని నడిపే ప్రోగ్రాం ఉండాది. కంపెనీవాళ్లు దాన్ని ఒక్క పనికే కట్టేసినారు. ఆ కట్టు ఇప్పి, వేరే లైనక్స్ ఎక్కించేవాళ్లు దేశదేశాల్లో ఉండారు. అది ఎక్కిస్తే కంప్యూటరే వద్దు. చిన్న సౌండు ముక్క తగిలిస్తే పెట్టె అదే పాడతాది. బ్యాటరీ మీద కూడా నడస్తాది."

"బాగున్నదాన్ని కెలకడమెందుకు? కందకు లేని దురద కత్తికెందుకు?" అన్నాను.

"కందకు దురద ఉండాది భాయ్. నీకు తెలీదు" అంది.

ఆ ఏడు నారాయణప్పకు గొంతులో పుండు వచ్చింది. వేలూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. గొంతు నిలబడలేదు. చింతతోపు దాటే గొంతులో ఇప్పుడు గాలి తప్ప ఏమీ రాదు. ఆయన దగ్గర కథ నేర్చుకున్న మనవరాలు శాలిని ఉంది. ఆ పిల్ల మెహ్‌నాజ్ దగ్గరున్న డిస్కు విని విని పద్దెనిమిది రోజుల కథా కంఠతా పట్టింది. ఈసారి భారతం తను చెబుతానంది.

గోవిందప్ప మమ్మల్నందరినీ గుడి దగ్గరికి పిలిపించాడు.

"పాప బాగనే చెప్తాది, కాదనను. కానీ ఊరి కట్టు ఒకటుండాది. తొలి కథ గురువు నోట మొదలు కావల్ల. ఆ తర్వాతనే చిడతలు శిష్యుల చేతికి పోవల్ల. గురువు నోరే లేకపోతే యాడ మొదలుపెట్టేది? క్రిష్ణగిరి దిక్కు నుంచి వేరే మేళాన్ని పిలుస్తాం" అన్నాడు.

నారాయణప్ప తల దించుకున్నాడు. శాలిని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకసారి వేరే మేళం కాలు పెట్టిందంటే ఆ కుటుంబానికి ఆ గుడి గడప ఇక లేనట్టే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

మెహ్‌నాజ్ ముందుకొచ్చి, "గురువు నోటే మొదలవుతాది మామా. ఆయన గొంతు నా దగ్గర భద్రంగా ఉండాది" అంది.

"పెట్టెలో గొంతు గురువు గొంతేనా?"

నారాయణప్ప లేచాడు. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, అదే చేత్తో మెహ్‌నాజ్‌ను చూపించాడు. గోవిందప్ప తలూపాడు. "సరే. అయితే ఒక్క మాట. నడిమధ్యలో నత్తి కొట్టినా, ఆగినా మంచిది కాదు. నేను లేచేస్తా. నేను లేస్తే పందిరి లేస్తాది" అన్నాడు.

ఇప్పుడు చూడండి దాని పరిస్థితి. సీడీ పెడితే గెంతుతుంది. కంప్యూటరు పెడితే, ఆ ఊళ్లో మధ్యాహ్నం కరెంటు పోవడం పొద్దు పొడవడమంత ఖాయం. మిగిలింది బ్యాటరీ మీద నడిచే ఆ చిన్న పెట్టె. అది తనంతట తాను పాడాలంటే కొత్త లైనక్స్ ఎక్కాలి.

ఎక్కించేటప్పుడు కరెంటు పోకూడదని ఇంటర్నెట్లో అందరూ రాశారట. సగంలో పోతే పాత ప్రోగ్రాం చెరిగిపోయి, కొత్తది పూర్తిగా రాక, పెట్టె ఇటుకరాయి అయిపోతుందట. అందుకని మెహ్‌నాజ్ కరెంటు కోత అయిపోయేదాకా కాచుకుని, కరెంటు రాగానే మొదలుపెట్టింది. డిస్కును ముందే తీసి అల్మారాలో పెట్టింది. నన్ను స్విచ్చుల దగ్గరికి రావద్దంది. అంతా సరిగ్గానే చేసింది. ఆ రోజు అమావాస్య అన్నది దానికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

మునిస్వామికి గుర్తుంది. కుప్పం నుంచి వ్యాను వేసుకుని నేరుగా వచ్చాడు, స్నానం చేశాడు, వెనక గదిలో కర్పూరం తీశాడు. హారతికి ముందు ఎప్పుడూ చేసే పనే చేశాడు. మెయిన్ స్విచ్ దించాడు.

ముందు గదిలో మెహ్‌నాజ్ ఒక్క కేక కూడా వేయలేదు. వేసింది నేను. "ముదనష్టపోడా, ఎంత పని చేసినావు" అని ఊరంతా వినేలా అరిచాను. మునిస్వామి హారతి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"పూజకు మెయిన్ ఆపకుండా యాల ఉంటానప్పా? ప్రతి అమావాస్యకూ ఆపుతాండాను గదా" అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు ఇంకా మంట.

మెయిన్ ఎత్తాం. పెట్టె మీద నారింజ రంగు దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా పచ్చ రంగు రాలేదు. నేను అల్మారాలోంచి డిస్కు తీసి నేరుగా కంప్యూటరుకు తగిలించాను. కంప్యూటరు మెరిసి ఒక మాట అడిగింది: ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, చేయమంటారా?

"ఏమంటాండాది?" అన్నాడు మునిస్వామి.

"డిస్కులో ఏమీ లేదంటోంది. శుభ్రం చేయమంటావా అంటోంది."

"మర్యాదగా అడుగుతాండాది గదా. సరే అను."

మెహ్‌నాజ్ వచ్చి నా చేతిమీద చెయ్యి వేసి మౌసు లాగేసుకుంది. "భాయ్, ఇది లైనక్స్ పద్ధతిలో రాసిన డిస్కు. ఈ కంప్యూటరుకు ఆ భాష రాదు, అందుకే ఖాళీ అనుకుంటాండాది. సరే అంటే నారాయణప్ప తాత గొంతు నిజంగానే పోతాది. గొంతు ఉండాది. తలుపు తెరిచేవాడే పడిపోయినాడు" అంది.

మరునాడు పొద్దున్నే మదనపల్లె పోయింది. పెట్టె ఇటుకరాయి అయ్యింది, ఏం చేయాలని ఇంటర్నెట్లో అడిగింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, పారేయొద్దని జవాబిచ్చాడట. పెట్టెను నిద్ర లేపే చిన్న ప్రోగ్రాం ఒకటి చిప్పులో మొదట ఉంటుంది. కొత్తది ఎక్కించేటప్పుడు దాని జోలికి ఎవరూ పోరు. పెట్టె వెనక బెజ్జంలో చిన్న మీట నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. దీపం నారింజ నుంచి ఎరుపుకు తిరిగిన క్షణంలోనే మీట వదలాలి. ఆలస్యమైతే అది మళ్లీ పాత దారినే పోతుంది. సరిగ్గా వదిలితే "నాకు కొత్త ప్రోగ్రాం ఇవ్వండి" అని కాచుకుని కూర్చుంటుంది.

మెహ్‌నాజ్ తిరిగొచ్చేసరికి మునిస్వామి అంగడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు. మెహ్‌నాజ్ అతని పక్కన కూర్చుంది.

"మునన్నా, ఈసారి ముందే హారతి ఇచ్చెయ్. పెట్టె ఆగే ఉండాది గదా" అంది.

"అమావాస్య పోయిందమ్మా."

"పోతే పోనీ. నువ్వు ఇచ్చినాకనే మొదలుపెడతా."

మునిస్వామి లేచి, మొహం కడుక్కుని, ఆ టిఫిన్ బాక్సంత పెట్టెకు కుంకుమ పెట్టి హారతి ఇచ్చాడు. మా వాళ్లు చూస్తే ఏమనుకుంటారని నాకు అనిపించలేదు. నేను యాంప్లిఫయర్ బ్యాటరీ తెచ్చి, పెట్టెకు సరిపోయేంత వోల్టేజి తగ్గించి ఇచ్చే సర్క్యూట్ కట్టాను. కంప్యూటరు మాత్రం ఇంటి కరెంటు మీదే నడవాలి కాబట్టి మునిస్వామి కుర్చీ తెచ్చుకుని మెయిన్ స్విచ్ కింద కాపలా కూర్చున్నాడు. ఆ సాయంత్రం టీ తెచ్చిన మనిషిని కూడా అటు రానివ్వలేదు.

మెహ్‌నాజ్ గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, బెజ్జంలో పెట్టింది. నేను బ్యాటరీ వైరు కలిపాను. నారింజ, ఎరుపు, వదిలింది. ఏమీ కాలేదు. మళ్లీ చేశాం. మళ్లీ ఏమీ కాలేదు. నాకు విసుగొచ్చి సలహాలివ్వడం మొదలుపెట్టాను. "భాయ్, నోరు మూసుకోని వైరు కలుపు" అంది. పెద్దవాణ్ణని కూడా చూడలేదు. నేను నోరు మూసుకుని వైరు కలిపాను.

చివరికి పట్టింది. దీపం ఒకసారి పచ్చగా, ఒకసారి నారింజగా మిణుకుమనడం మొదలుపెట్టింది. మెహ్‌నాజ్ కంప్యూటరు నుంచి కొత్త లైనక్స్ పంపింది. పని ముగిసి, పెట్టె తనంతట తాను ఆగి, మళ్లీ లేచి, పచ్చదీపం వెలిగించింది. డిస్కు తగిలిస్తే కుక్కపిల్లలా గుర్తుపట్టింది.

తర్వాత రెండు మూడు రోజులు సౌండు ముక్కతో కుస్తీ పట్టింది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే, అంగట్లోంచి నారాయణప్ప "శ్రీమద్రమారమణ గోవిందా" అన్నాడు. కంప్యూటరు ఆపి ఉంది. ఒక బ్యాటరీ, ఒక చిన్న పెట్టె, అంత పెద్ద గొంతు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, ఆ రోజు కళ్లారా చూశాను. ఎంగిలి చేత్తోనే నిలబడి ఏడ్చాను. మునిస్వామి పెట్టెకు దండం పెట్టాడు. మెహ్‌నాజ్ మా ఇద్దరినీ చూసి నవ్వింది.

భారతం తొలి రోజు పందిరి నిండిపోయింది. గోవిందప్ప ముందు వరసలో కూర్చున్నాడు. నారాయణప్ప చిడతలు ఒళ్లో పెట్టుకుని వేదిక మీద కూర్చుంటే, పక్కనే శాలిని. ఒక మూల యాంప్లిఫయర్, దాని మీద పెట్టె, పెట్టె పక్కన మెహ్‌నాజ్. చిన్నప్పుడు టేపు మిషను దగ్గర కూర్చున్న చోటే.

గొంతు మొదలైంది. ప్రార్థన చెప్పాడు, గణపతిని తలిచాడు, శంతనుడి కథలోకి దిగాడు. కాసేపటికి అనుకున్నట్టే కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. జనం హారన్ల వైపు చూశారు. గొంతు ఆగలేదు. చింతతోపు దాకా పోయింది. అదివరకు సందేహంగా చూసినవాళ్లు కూడా తలలూపడం మొదలుపెట్టారు.

అప్పుడు పెట్టెలోంచి నారాయణప్ప, "గోవిందా అనండమ్మా" అన్నాడు.

ఇన్నేళ్ల అలవాటు, పందిరంతా ఒక్కసారిగా గోవింద కొట్టింది. ఆ తర్వాత నిశ్శబ్దం. మెహ్‌నాజ్ కోయకుండా వదిలిన ఖాళీ అని నాకు తెలుసు, కానీ ఊరికి తెలియదు గదా. గోవిందప్ప మొహం మారింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయాడు. వెనక వరసల్లోనూ కదలిక మొదలైంది. శాలిని భయంగా తాత చెయ్యి పట్టుకుంది.

నారాయణప్ప గోవిందప్పను చూడలేదు. జనాన్ని చూడలేదు. ఎప్పటిలాగే తల తిప్పి మెహ్‌నాజ్ వైపు చూశాడు.

తిప్పడానికి అక్కడ క్యాసెట్ లేదు. అయినా మెహ్‌నాజ్ చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి ఇంకా దించకముందే పెట్టెలోంచి కథ అందుకుంది. నారాయణప్ప పెదవులు దాంతోపాటు కదిలాయి. సగం లేచిన గోవిందప్ప ఆ చేతిని చూసి, అదేమిటో గుర్తొచ్చి, నవ్వుతూ మళ్లీ కూర్చున్నాడు. ఆ ఘట్టం ముగిశాక నారాయణప్ప చిడతలు మనవరాలి చేతిలో పెట్టాడు. అక్కడి నుంచి పద్దెనిమిదో రోజు దాకా కథ శాలినిదే.

నేను వెనకాల వైర్ల దగ్గర నిలబడి ఉన్నాను. పక్కన పొరుగూరి నుంచి వచ్చిన సిద్ధమ్మ అని ఒక పెద్దామె, నా చొక్కా పట్టి లాగింది.

"చెయ్యెత్తి కథ నడిపించిందే, ఆ యమ్మ ఎవురప్పా?"

"మెహ్‌నాజ్" అన్నాను.

"నువ్వెవురు?"

"నేను మెహ్‌నాజ్ అన్ననమ్మా" అన్నాను.